ఈ క్రిస్మస్‌కి అమ్మానాన్నలకు ఏం కావాలి?

డిసెంబరు మొదటి వారం దాటితే మా ప్రభుత్వాసుపత్రి ఓపీలో సందడి మొదలవుతుంది. నర్సమ్మలు వార్డు గుమ్మానికి కాగితపు స్టారు కడతారు. ఒకరోజు సెమీ క్రిస్మస్ అని అందరికీ తలో ముక్క కేకు వస్తుంది. బీపీ, షుగరు మందుల కోసం నెలనెలా వచ్చే పెద్దవాళ్ల ముఖాల్లోనూ పిల్లలు ఇంటికొస్తున్నారన్న సంబరం కనిపిస్తుంది. రెండేళ్లుగా ఆ నెలలో నేను వాళ్లను ఒక ప్రశ్న అదనంగా అడుగుతున్నాను. ‘‘ఈ పండక్కి మీ పిల్లలు మీకేమిస్తే బాగుంటుందండీ?’’

మొదట అందరిదీ ఒకటే జవాబు. ‘‘ఈ వయసులో నాకేం కావాలమ్మా, వాళ్లు బాగుంటే చాలు.’’ మందులు రాస్తూ కాసేపాగి మళ్లీ అడిగితే అప్పుడు అసలు మాట బయటికొస్తుంది. ‘‘బాత్రూంలో పట్టుకోడానికి ఏదన్నా ఉంటే బాగుండు’’ అన్నారొక పెద్దావిడ. ‘‘కంటి ఆపరేషనుకి డబ్బులు పంపిస్తానంటాడు మావాడు. డబ్బులున్నాయమ్మా, చుక్కలు వేసే మనిషే లేరు’’ అన్నారు ఇంకొకరు. ‘‘పోయినేడు బీపీ మిషను ఇచ్చారు. దాన్నెలా పెట్టుకోవాలో ఎవరన్నా చూపిస్తే చాలు’’ అన్నారు ఒక రిటైర్డ్ ఉద్యోగి. చీరలు, స్వెటర్లు, సెల్‌ఫోన్లు అడిగినవాళ్లు చాలా తక్కువ.

ఈ ప్రశ్న అడగడం నాకు నేర్పింది మా నాన్న.

వినపడని కీర్తన నంబరు

నాన్న రిటైరైన స్కూలు మాస్టారు. ఏటా క్రిస్మస్‌కి నేను ఏదో ఒకటి కొనిచ్చేదాన్ని. ఒకసారి స్వెటరు, ఒకసారి స్మార్ట్‌ఫోను, ఒకసారి మోకాళ్లకు మసాజ్ మిషను. అన్నింటికీ ‘‘బాగుందమ్మా’’ అనేవారు. ఆ తర్వాత అవి బీరువాలోనే ఉండేవి.

మూడేళ్ల క్రితం నవంబరులో ఆయన బీపీ మరీ తగ్గుతోందని, రెండు మాత్రల్లో ఒకటి ఆపెయ్యమని ఫోన్లో చెప్పాను. ‘‘అలాగేనమ్మా’’ అన్నారు. పది రోజులకు అర్ధరాత్రి బాత్రూంలో కళ్లు తిరిగి పడిపోయారు. కనుబొమ్మ మీద మూడు కుట్లు పడ్డాయి. చూస్తే రెండు మాత్రలూ వేసుకుంటూనే ఉన్నారు. మతిమరుపు మొదలైందేమోనని భయపడ్డాను. చెప్పిన మాట వినలేదని కోప్పడ్డాను కూడా.

ఆ డిసెంబరు 24 రాత్రి ఆరాధనలో చాలా ఏళ్ల తర్వాత ఆయన పక్కనే కూర్చున్నాను. కీర్తన నంబరు చెప్పగానే అందరూ పుస్తకాలు తెరిచారు. నాన్న మాత్రం పక్కాయన పుస్తకంలోకి తొంగి చూసి, ఆ తర్వాత తన పుస్తకంలో పేజీ తిప్పారు. రెండో కీర్తనకూ అంతే. ప్రసంగం సాగుతున్నంతసేపూ తల ఊపుతూనే ఉన్నారు. ఏం చెప్పారని దారిలో అడిగితే మాట మార్చేశారు. మోకాళ్ల నొప్పులని సాయంత్రం కూడికలు ఎందుకు మానేశారో నాకప్పుడు అర్థమైంది. ఫోన్లో నేను చెప్పింది ఆయన మరచిపోలేదు. అసలు ఆయనకు వినపడనే లేదు. ఎండీ చదివి, రోజూ వందమందిని చూసే నేను, ఆయన బీపీ ఎన్నోసార్లు చూశాను గానీ ‘‘నా మాట వినపడుతోందా నాన్నా?’’ అని ఒక్కసారీ అడగలేదు.

చెవి సంగతి ముందు చూడండి

వయసుతో వచ్చే వినికిడి లోపం మెల్లగా మొదలై రెండు చెవులకూ వస్తుంది. సన్నటి శబ్దాలు ముందుగా వినపడకుండా పోతాయి. అందుకే ఆడవాళ్ల గొంతు, పిల్లల మాటలు అర్థంకావడం కష్టమవుతుంది. ఎదురుగా ఒక్కరే మాట్లాడితే బాగానే వింటారు, నలుగురిలో మాత్రం తికమకపడతారు. టీవీ సౌండు పెంచడం, అడిగిందానికి వేరే జవాబు చెప్పడం, అన్నింటికీ నవ్వుతూ తలూపడం, ఫంక్షన్లకు వెళ్లడం మానేయడం... ఇవన్నీ లక్షణాలే. దీన్ని అలా వదిలేస్తే మనిషి ఒంటరైపోతారు. మతిమరుపు వ్యాధి ముప్పు పెరగడానికి కూడా ఇది ఒక కారణమని పరిశోధనలు చెబుతున్నాయి.

నేరుగా దుకాణానికి వెళ్లి మిషను కొనేయకండి. ముందు ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. కొందరికి గుబిలి తీయించేస్తే సరిపోతుంది. అంతేగానీ పిన్నీసులు పెట్టడం, నూనె పోయడం చేయొద్దు. ఆ తర్వాత ఆడియోమెట్రీ పరీక్షలో ఏ చెవికి ఎంత లోపం ఉందో తెలుస్తుంది. వినికిడి యంత్రాన్ని దాన్నిబట్టే అమరుస్తారు. ఉన్నట్టుండి ఒక చెవి వినపడకుండా పోతే మాత్రం పండగ అయ్యాక చూద్దాం అనుకోవద్దు. అది అత్యవసరం, ఆ రోజే వెళ్లాలి.

యంత్రం కొనిచ్చి వదిలేస్తే అదీ బీరువాలోకే చేరుతుంది. మొదటివారం గిన్నెల చప్పుడు భరించలేక నాన్న దాన్ని తీసి సొరుగులో పెట్టేశారు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో రోజుకు గంటో రెండు గంటలో పెట్టుకుని, మెల్లగా సమయం పెంచుకుంటూ పోతే కొన్ని వారాల్లో అలవాటవుతుంది. శబ్దం ఇబ్బందిగా ఉంటే మళ్లీ వెళ్లి సరిచేయించుకోవాలి. ఈ తిరుగుడుకి ఒక తోడు కావాలి. ఇంట్లోవాళ్లు కూడా వంటింట్లోంచి అరవకుండా, ఎదురుగా వచ్చి, ముఖం కనిపించేలా నిదానంగా మాట్లాడాలి.

బాత్రూంలో ఒక స్టీలు కడ్డీ

పెద్దవయసులో జారిపడితే తుంటి ఎముక విరిగే ప్రమాదం ఎక్కువ. ఆపరేషనయ్యాక కూడా చాలామంది మునుపటిలా సొంతంగా నడవలేకపోతారు. మంచాన పడితే న్యుమోనియా, కాళ్లలో రక్తం గడ్డలు, ఒంటిమీద పుండ్లు వెంటపడతాయి. దీన్ని అడ్డుకునే కానుక ఒక పట్టుచీర కంటే చవక.

కమోడ్ పక్కన ఒకటి, స్నానం చేసేచోట ఒకటి గోడకు కడ్డీలు బిగించండి. ఎంత ఎత్తులో పెట్టాలో మేస్త్రీని కాదు, వాటిని వాడే పెద్దవాళ్లనే నిలబెట్టి అడగండి. గాలితో అతుక్కునేవి, టవలు ఆరేసే కడ్డీలు మనిషి బరువును ఆపలేవు. స్క్రూలతో బిగించినవే కావాలి. జారని మ్యాటు, కూర్చుని స్నానం చేయడానికి గట్టి స్టూలు, మంచం నుంచి బాత్రూం దాకా రాత్రంతా వెలిగే చిన్న లైటు, బయటి నుంచి కూడా తీయగలిగే గడియ... వీటికి ఒక్కపూట చాలు.

రాత్రి లేచినప్పుడు మంచం అంచున ఒక నిమిషం కూర్చుని ఆ తర్వాతే నిలబడాలని చెప్పండి. బీపీ, ప్రొస్టేటు, నిద్ర మాత్రలు వాడేవారికి లేవగానే కళ్లు తిరిగే అవకాశముంది. అలా అవుతుంటే మాత్రలు మీరే ఆపేయకుండా డాక్టరుకు చెప్పి మార్పించండి.

కంటికి కావాల్సింది తోడు

శుక్లం ఆపరేషన్ చలికాలంలోనే చేయించాలన్న నమ్మకం మనలో ఇంకా ఉంది. ఇప్పుడు ఏ కాలంలోనైనా చేయించుకోవచ్చు. సాధారణంగా అదేరోజు ఇంటికి పంపేస్తారు. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. రోజుకు చాలాసార్లు చుక్కలు వేయాలి. కొన్ని వారాలపాటు వాటిని క్రమంగా తగ్గించుకుంటూ వస్తారు. కంట్లో నీళ్లు పడకూడదు, నలపకూడదు, బరువులెత్తకూడదు. ఒంటరిగా ఉండే అమ్మ వాయిదా వేస్తున్నది ఇందుకే. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు పండక్కి కలిసినప్పుడు ఎవరు ఏ వారం సెలవు పెట్టగలరో పంచుకుని తేదీ ఖాయం చేయండి. రక్తం పలచబడే మందులు, ప్రొస్టేటు మాత్రలు వాడుతుంటే కంటి డాక్టరుకు ముందే చెప్పాలి.

బీపీ మిషను ఇచ్చారా... గంటసేపు కూర్చోండి కూడా

మణికట్టుకు పెట్టేదాని కంటే మోచేతిపైన కట్టేది నమ్మదగినది. చేయి లావుగా ఉంటే పెద్ద పట్టీ కావాలి, చిన్నది కడితే బీపీ లేకున్నా ఎక్కువ చూపిస్తుంది. కాఫీ తాగినా, పొగ తాగినా అరగంట ఆగాలి. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి, పాదాలు నేలకు తాకేలా ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. చేయి గుండె ఎత్తులో బల్లమీద ఉండాలి. మాట్లాడకూడదు. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి పుస్తకంలో రాయాలి. ఇంట్లో చూసుకున్నప్పుడు సగటున 135/85, అంతకన్నా ఎక్కువ ఉంటుంటే డాక్టరుకు చూపించాలి. ఒక్కసారి ఎక్కువ వచ్చిందని అదనపు మాత్ర వేసుకోకూడదు.

గ్లూకోమీటరు కూడా అంతే. స్ట్రిప్పుల గడువు తేదీ చూడటం, డబ్బా మూత గట్టిగా పెట్టడం నేర్పించండి. చెమటలు, వణుకు వచ్చి షుగరు 70 కంటే తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంటకు మళ్లీ చూసుకోవాలని ఆ డబ్బామీదే పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి.

ఆలోచించి ఇవ్వాల్సినవి

కొత్త బూట్లు: ఏళ్ల తరబడి షుగరున్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. బిగుతు బూటు కరిచినా నొప్పి తెలియదు. జనవరిలో మా దగ్గరకొచ్చే పాదాల పుండ్లలో కొన్ని పండగ బూట్లతో మొదలైనవే. పాదాలు కాస్త ఉబ్బి ఉండే సాయంత్రంపూట వాళ్లను వెంటబెట్టుకెళ్లి కొనండి. మెత్తటి ఎంసీఆర్ చెప్పులు మేలు. చెప్పులు బయట విడిచి వెళ్లే మందిరమైతే సాక్సులు వేయించండి. రాత్రికి అరికాళ్లు చూడండి.

విటమిన్ సీసాలు: అమెరికా నుంచి వచ్చే పిల్లలు పెద్దపెద్ద డబ్బాలు తెస్తారు. విటమిన్ డి, క్యాల్షియం ఇక్కడా వాడుతుంటే మోతాదు రెట్టింపవుతుంది. కిడ్నీ జబ్బులున్నవారికి మరీ ప్రమాదం. డాక్టరుకు చూపించకుండా మొదలుపెట్టొద్దు.

కేకు, జంతికలు: షుగరున్నా ఒక చిన్న ముక్క కేకు తినొచ్చు, ఆ పూట అన్నం తగ్గించుకోవాలి. గుండె బలహీనంగా ఉన్నవారికి ఉప్పుతో ముప్పు ఎక్కువ. జంతికలు, పచ్చడి, బిర్యానీ వరసగా నాలుగు రోజులు తింటే కాళ్ల వాపు, ఆయాసం వస్తాయి. కానుకగా ఇచ్చే పళ్లెంలో అవి తగ్గించి పండ్లు పెట్టండి. కిడ్నీ జబ్బున్నవారికైతే ఏ పండ్లో డాక్టరును అడగాలి.

కాగితాల కానుక

70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు చికిత్స అందించే ఆయుష్మాన్ వయ వందన కార్డును కేంద్రం 2024 అక్టోబరులో తెచ్చింది. మధ్యతరగతి ఇళ్లలో అర్హత ఉండీ తీసుకోనివారు ఉన్నారు. ఆధార్‌తో నమోదు చేయించి, దగ్గర్లో ఏ ఆసుపత్రుల్లో చెల్లుతుందో కనుక్కోండి. ఏటా వేసుకునే ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా గురించి కూడా డాక్టరును అడగండి. మీ ఇంట్లో పనిచేసేవారి తల్లిదండ్రులను కూడా గుర్తుపెట్టుకోండి. తక్కువ ఆదాయమున్న వృద్ధులకు చేతికర్రలు, వాకర్లు, వినికిడి యంత్రాలు, కళ్లద్దాలు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017లో మన నెల్లూరులోనే మొదలైంది. దరఖాస్తు చేయడంలో సాయపడితే అదీ క్రిస్మస్ కానుకే.

ఖాళీ కుర్చీ ఉన్న ఇల్లు

భార్యో, భర్తో పోయాక వచ్చే మొదటి క్రిస్మస్ చాలా బరువుగా ఉంటుంది. ఏడుస్తారేమోనని పోయినవారి పేరెత్తకుండా ఉండటం కంటే, వాళ్ల గురించి మాట్లాడనివ్వడమే మంచిది. దిగులు, నిద్రలేమి, తిండి మీద అయిష్టం రెండు వారాలు దాటినా తగ్గకపోతే వయసు మీదపడిందని సరిపెట్టుకోకుండా చికిత్స ఇప్పించండి. బతకాలని లేదనే మాట వస్తే ఒంటరిగా వదలకుండా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఉచిత టెలిమానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. వృద్ధుల సమస్యలకు ఎల్డర్‌లైన్ 14567 ఉంది.

25న భోజనాలయ్యాక అడగండి

• నేను పక్క గదిలోంచి మాట్లాడితే వినపడుతోందా?
• ఈ ఏడాదిలో ఎక్కడైనా జారారా, తూలారా?
• పేపరు, మందుల చీటీ చదవగలుగుతున్నావా?
• ఏయే మందులు వేసుకుంటున్నావో అన్నీ తెచ్చి చూపిస్తావా?
• ఇదివరకు చేసే పని ఏదైనా ఈమధ్య మానేశావా, ఎందుకు?

చివరి ప్రశ్నకు వచ్చే జవాబులోనే చాలాసార్లు అసలు సంగతి ఉంటుంది. వాళ్లు చెప్పింది కాగితం మీద రాసి, ఎదురుగా పేరు, తేదీ వేయండి. సంక్రాంతిలోపు కనీసం ఒక పని పూర్తిచేయండి.

పోయిన క్రిస్మస్‌కి నాన్న చెవులకు యంత్రాలతో ఆరాధనకు వచ్చారు. నంబరు చెప్పగానే పేజీ తిప్పారు. మధ్యలో నా వైపు వంగి, తనకు చిన్నగా మాట్లాడుతున్నాననే అనిపించినా నాలుగు వరుసల దాకా వినపడేలా అన్నారు: ‘‘ఈసారి పాస్టరు గారి ప్రసంగం బాగా పొడుగైందమ్మా!’’

- రచయిత్రి ప్రభుత్వాసుపత్రిలో జనరల్ ఫిజీషియన్, ఎంబీబీఎస్, ఎండీ