పెట్టుడు గోళ్లు: లాగితే ఆరు నెలలు, నానబెడితే అరగంట

మాఘమాసం పెళ్లిళ్లు అయిపోయాక సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఇళ్లలో ఒక చిన్న చిక్కు మిగులుతుంది. పెళ్లికూతురికి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పొడవాటి గోళ్లు పెట్టించి ఉంటారు. రెండు వారాలు దాటేసరికి గోరు మొదట్లో సందు కనబడుతుంది. ఒక మూల లేస్తుంది. తల దువ్వుకుంటే జుట్టు అందులో చిక్కుకుంటుంది. పెట్టిన పార్లర్‌కు వెళ్లాలంటే హైవే మీద గంటల ప్రయాణం. దాంతో చాలామంది లేచిన మూల పట్టుకుని లాగేస్తారు.

గోరు చాలావరకు దెబ్బతినేది అప్పుడే. ఎందుకో అర్థం కావాలంటే ముందు గోరు ఎలా ఉంటుందో తెలియాలి.

గోరు ఎలా ఉంటుంది

గోరు కెరటిన్‌తో (జుట్టులోనూ ఉండే గట్టి ప్రొటీన్) తయారవుతుంది. దాని మందం దాదాపు అర మిల్లీమీటరు. పలుచని, ప్రాణం లేని కణాలు పొరలు పొరలుగా అతుక్కుని గోరుగా ఏర్పడతాయి. ప్రాణమున్న భాగం మొదట్లో, చర్మం కింద ఉంటుంది. కొత్త గోరు అక్కడ పుట్టి ముందుకు జరుగుతుంది.

ఆ జరగడం మన ఆడవాళ్లందరూ చూసిందే. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకుంటే గోరు ఎర్రబడుతుంది. కొన్ని వారాలకు మొదట్లో తెల్లటి నెలవంక వస్తుంది. ఎరుపు మెల్లగా పైకి జరిగి, సంక్రాంతి నాటికి కొసకు చేరుతుంది. చేతి గోరు నెలకు దాదాపు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మొత్తం మారడానికి ఆరు నెలలు పడుతుంది. చర్మానికి గాయమైతే మానుతుంది. గోరు పొర ఊడితే మానదు. ఆ భాగం పెరిగి, కొసకు వచ్చి, కత్తిరించేదాకా అలాగే ఉంటుంది.

పెట్టుడు గోరును లాగినప్పుడు జిగురు తెగదు. జిగురుకు అంటుకున్న గోరు పై పొరలు లేచి వస్తాయి. గోడకు అతికించిన కాగితం పీకితే సున్నం పెచ్చులు ఊడి వచ్చినట్టే. మిగిలిన గోరు పలుచబడుతుంది. వేడి నీళ్లు తగిలినా, మిరపకాయలు తుంచినా చురుక్కుమంటుంది.

మీ వేలిమీద ఉన్నది ఏ రకం?

అన్నిటినీ ఒకే పద్ధతిలో తీయలేం. ముందు రకం తెలుసుకోవాలి.

ప్రెస్ ఆన్ అనేవి అచ్చుపోసిన ప్లాస్టిక్ గోళ్లు. ఫ్యాన్సీ షాపుల్లో పెట్టెలుగా దొరుకుతాయి. స్టిక్కర్‌తో అంటించినవైతే గోరువెచ్చని సబ్బు నీళ్లలో పది పదిహేను నిమిషాలు నానబెడితే వదులవుతాయి. జిగురుతో అంటించినవి నీళ్లకు వదలకపోతే అసిటోన్ కావాలి. ఇది జిగుళ్లను, రంగులను కరిగించే ద్రవం.

యాక్రిలిక్ గోళ్లను పొడి, ద్రవం కలిపి పూస్తారు. కలిసిన వెంటనే చిన్న అణువులు పొడవాటి గొలుసులుగా అల్లుకుని గట్టిపడతాయి. ఆ గొలుసులు ముడివేయని దారాల కుప్పలా ఉంటాయి. అసిటోన్ వాటి మధ్యకు చొరబడి ఉబ్బిస్తుంది. గట్టి గోరు మెత్తని జిగురులా మారుతుంది.

జెల్‌ను ప్రత్యేకమైన లైటు కింద, అతినీలలోహిత కాంతితో గట్టిపరుస్తారు. మామూలు జెల్ పాలిష్ అసిటోన్‌కు లొంగుతుంది. పొడవు పెంచడానికి వాడే హార్డ్ జెల్ లొంగదు. దాని గొలుసులు అడ్డంగా కూడా ముడిపడి వలలా ఉంటాయి. అసిటోన్ లోపలికి పోలేదు. దాన్ని అరగదీయాల్సిందే. ఇది చేయి తిరిగినవాళ్లు చేయాల్సిన పని.

తీసే వరుస

ముందుగా పొడవును గోళ్ల కత్తెరతో తగ్గించాలి. తర్వాత పైన మెరిసే పూతను ఫైల్‌తో మెరుపు పోయేదాకా మాత్రమే రుద్దాలి. ఆ పూత ఉన్నంతసేపు అసిటోన్ లోపలికి దిగదు. రుద్దేటప్పుడు ముక్కుకు మాస్కు ఉండాలి. ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోవడం మంచిది కాదు.

గోరు చుట్టూ చర్మానికి వేసలీన్ మందంగా రాయాలి. అసిటోన్ చర్మంలోని నూనెను లాగేస్తుంది. వేసలీన్ దానికి అడ్డుగోడ.

గోరంత దూది ముక్కను అసిటోన్‌లో తడిపి గోరు మీద పెట్టాలి. చపాతీలు చుట్టే అల్యూమినియం ఫాయిల్ ముక్కతో వేలిని చుట్టాలి. ఫాయిల్ వల్ల అసిటోన్ ఆవిరైపోదు. చేతిని గిన్నెలో ముంచేకన్నా ఇదే మేలు. ద్రవం తక్కువ పడుతుంది, చర్మానికి తక్కువ తగులుతుంది. ఒక చేయి పూర్తయ్యాక రెండోది మొదలుపెట్టాలి.

జెల్ పాలిష్‌కు 10 నుంచి 15 నిమిషాలు పడుతుంది. యాక్రిలిక్‌కు 20 నుంచి 30 నిమిషాలు కావాలి. సమయం అయ్యాక ఒక వేలు మాత్రం విప్పి, చెక్క పుల్లతో మొదటి నుంచి కొస వైపు మెల్లగా తోయాలి. మెత్తబడి ఉంటే జారిపోతుంది. జారకపోతే గీకవద్దు. మళ్లీ తడిపి, చుట్టి, ఇంకో ఐదు నిమిషాలు ఆగాలి.

అరగంట దాటినా రాయిలా ఉంటే అది హార్డ్ జెల్ కావచ్చు. లేదా చౌకగా దొరికే మిథైల్ మెథాక్రిలేట్‌తో చేసినది కావచ్చు. అది అసిటోన్‌కు సులభంగా కరగదు. గోళ్లు దెబ్బతిన్న ఫిర్యాదులు రావడంతో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1970లలోనే అలాంటి ఉత్పత్తులపై చర్య తీసుకుంది. ఇంట్లో పెనుగులాడకుండా, అరగదీయడం తెలిసిన పార్లర్‌కు వెళ్లాలి.

గోరు వదిలాక సబ్బుతో కడిగి, తుడిచి, కొబ్బరి నూనె రాయాలి. గోరు తెల్లగా సున్నం కొట్టినట్టు కనబడితే భయపడనక్కర్లేదు. అది పొడిబారడం. రోజూ నూనె రాస్తే తగ్గుతుంది.

నిప్పుకు దూరంగా

అసిటోన్ తేలిగ్గా అంటుకుంటుంది. దాని ఆవిరి గాలి కంటే బరువు. నేలబారున పాకి దూరంలో ఉన్న మంటను అందుకోగలదు. కాబట్టి వంటింట్లో ఈ పని చేయవద్దు. దేవుడి దీపం, అగరుబత్తి, దోమల చక్రం వెలుగుతున్న గదీ పనికిరాదు. కిటికీలు తెరిచి కూర్చోవాలి. త్వరగా అవుతుందని సీసాను వేడి చేయకూడదు. థర్మకోల్, కొన్ని రకాల ప్లాస్టిక్ గిన్నెలు అసిటోన్‌లో కరిగిపోతాయి. గాజు గిన్నె గానీ, స్టీలు గిన్నె గానీ వాడాలి.

దుకాణంలో రిమూవర్ కొనేటప్పుడు సీసా మీద చదవాలి. అసిటోన్ లేని రిమూవర్ మామూలు పాలిష్‌నే తీస్తుంది. హార్డ్‌వేర్ షాపులో దొరికే పెయింట్ థిన్నర్ మాత్రం వద్దు. అందులో చర్మానికి, ఊపిరికి అసిటోన్ కంటే ఎక్కువ చెరుపు చేసే ద్రవాలు కలిసి ఉంటాయి.

తడి చేతులకు ప్రమాదం ఎక్కువ

ఇక్కడ మన ప్రాంతపు సంగతి ఒకటి చెప్పాలి. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద నాట్ల కాలంలో ఆడవాళ్ల చేతులు రోజంతా బురద నీళ్లలోనే ఉంటాయి. మిగతా రోజుల్లోనూ అంట్లు, బట్టలు తప్పవు. పెట్టుడు గోరు కింద సందు ఏర్పడితే అందులో నీళ్లు నిలుస్తాయి. ఆ తేమలో సూడోమోనాస్ అనే బాక్టీరియా పెరిగితే గోరు ఆకుపచ్చగా మారుతుంది. చర్మం చిట్లిన చోట క్రిములు చేరితే గోరుచుట్టు లేస్తుంది. అందుకే లేచిన గోరును మళ్లీ జిగురు వేసి అంటించకూడదు. తీసేయాలి. పచ్చ రంగు, చీము, పోటు, గోరు కింద చర్మం నుంచి విడిపోవడం, వేళ్ల చుట్టూ దురద కనిపిస్తే చర్మవైద్యులకు చూపించాలి. సూర్యాపేటలో ప్రభుత్వ వైద్య కళాశాల 2019లో మొదలైంది. దాని ఆసుపత్రిలో చూపించుకోవచ్చు. షుగర్ ఉన్నవాళ్లు అసలు ఆలస్యం చేయకూడదు.

నర్సులకు, నర్సింగ్ చదివే అమ్మాయిలకు ఇంకో మాట. రోగులను తాకేవారు పెట్టుడు గోళ్లు పెట్టుకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 నాటి చేతుల శుభ్రత మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పింది. చేతులు ఎంత కడిగినా ఆ గోళ్ల కింద క్రిములు మిగులుతాయి.

గోళ్లు పెట్టించుకోవడం తప్పు కాదు. పెళ్లి రోజున చేతులు అందంగా ఉండాలనుకోవడం సహజం. అయితే తీసే పని పెట్టించుకునే రోజే మొదలవుతుంది. కుర్చీలో కూర్చున్నప్పుడే రెండు ప్రశ్నలు అడగండి. ఇది ఏ రకం? అసిటోన్‌కు కరుగుతుందా? జవాబు ఫోన్‌లో రాసి పెట్టుకోండి. కరగని రకమైతే, తీయించడానికి మళ్లీ ఎప్పుడు రాగలరో చూసుకుని ఒప్పుకోండి. మాఘంలో లాగేసిన గోరు శ్రావణం దాకా బాధిస్తుంది. ముందే అడిగి ఉంచుకుంటే, ఇంట్లో ఒక్కో చేతికి అరగంట ఓపిక చాలు.