రాత్రిబడియు కూలిడబ్బులును

“నలుబదియేండ్లు నిండిన తరువాత అక్షరములు దిద్దినచో కూలి పెరుగునా?” అని తల్లిదండ్రులు కొందరు మమ్ములను అడుగుచుందురు. ఈ ప్రశ్నను నవ్వి త్రోసివేయరాదు. రెక్కాడినగాని డొక్కాడనివారు అడుగు ప్రశ్న యిది.

ముందు ఉన్నమాట చెప్పుదము. ఓనమాలు వచ్చినంతమాత్రమున ఏ యజమానియు కూలి హెచ్చింపడు. బీడీలు చుట్టు స్త్రీకి వేయింటికింత యని కూలి ముట్టును గాని, సంతకమును చూచి కాదు. రాత్రిబడికి పోయినవారు ఎక్కువ గడించుచున్నారని యెవరైన లెక్క చూపినను, అది చదువు ఫలమే యని వెంటనే నమ్మరాదు. చదువవలెనను పట్టుదల గలవారు పనిలోను పట్టుదల గలవారే కావచ్చును గదా!

మరి లాభమెచ్చట నున్నది? మన షోలాపురమున పద్మశాలి గృహములలో తల్లులెందరో బీడీలు చుట్టుదురు. తునికాకును, తంబాకును తూచి యిత్తురు. 25 బీడీల కట్టలు 40 అప్పగించినచో వేయి యగును. అందు కొన్నిటిని బాగులేవని త్రోసివేయుట కలదు. దినమునకు 2 కట్టలు అకారణముగా పోయినవనుకొందము. 26 దినములలో 52 కట్టలు, అనగా 1300 బీడీలు. దినమునకు వేయి చుట్టు తల్లికి ఇది ఒకనాటి కూలికి మించినది! ఆకు తక్కువ తూగినచో ఆ కొరతను సొంత డబ్బుతో తీర్చవలెను. పుస్తకమున పడిన అంకెను చదువగల స్త్రీ అక్కడనే నిలిచి అడుగును. వ్రేలిముద్ర వేయు స్త్రీ ఇంటికి వచ్చి నిట్టూర్చును. బీడీ కార్మికులకై 1966లో ప్రత్యేక చట్టము వచ్చినది. 1977లో భవిష్యనిధి వారికిని వర్తించినది. కాని కాగితమున పేరు ఒక అక్షరము తప్పినచో, ఆ సొమ్ము చేతికందుటకు ఎన్ని తిరుగుళ్ళు!

కూలి నిజముగా పెరుగవలెనన్నచో అక్షరముతోపాటు పనితనము రావలెను. 1967లో బొంబాయిలో స్థాపితమైన శ్రామిక విద్యాపీఠము ఈ తలంపుతోనే పుట్టినది. చేతిపనిని, ఆ పనికి వలసిన చదువును, లెక్కలను అచ్చట కలిపి నేర్పిరి. కొలతలు చదువలేని కుట్టుపనివాడు పాతబట్టలు బాగుచేయుటతో నిలిచిపోవును. చదువగలవాడు కొత్తబట్ట కత్తిరించును. 1978 అక్టోబరు 2న దేశమంతట ఆరంభమైన వయోజనవిద్యా ప్రణాళికయు అక్షరముతో పనితనమును, లోకజ్ఞానమును జోడింపదలచినది.

ఇక చిక్కు కాలముతోనే. గంటసేపు బడిలో కూర్చున్నచో ఆ గంట బీడీలు పోయినట్లే. ఈ నష్టమును లెక్కింపక “రండి, చదువుకొనుడు” అని పిలుచుట మాకు న్యాయముగా తోచదు. చేటలు ముందు పెట్టుకొని నలుగురు కూడి చుట్టునపుడే ఇంటి పిల్లయొకతె ఆనాటి పుస్తకము తెరచి అంకెలు బిగ్గరగా చదువవచ్చును. చేతులు ఆగవు. మరునాడు తల్లి చదువును; పిల్ల వినును.