మీకు తెలుసా? తులసికి నపుంసకలింగం, తాటికి పుంలింగం

వరి శాస్త్రీయ నామం ఒరైజా సటైవా. ముల్లంగిది రఫానస్ సటైవస్. వెల్లుల్లిది అల్లియం సటైవం. మూడింటిలోనూ రెండో మాట ఒక్కటే, ‘సాగుచేసేది’ అని అర్థం. మరి తోక మూడు రకాలుగా ఎందుకుంది? అచ్చుతప్పేమీ లేదు, అంతా వ్యాకరణం. లాటిన్‌లో ప్రతి నామవాచకానికీ లింగం ఉంటుంది: పుంలింగం, స్త్రీలింగం, నపుంసకలింగం. మొక్క పేరులో మొదటి మాట ప్రజాతిది. రెండో మాట విశేషణమైతే, మొదటిదాని లింగం ఏదైతే అదే పట్టుకోవాలి. ‘అస్’ పుంలింగం, ‘ఆ’ స్త్రీలింగం, ‘అం’ నపుంసకం. సంస్కృతం కాస్త చదివినవారికి ఇది పాత పాఠమే: విశేష్యం ఏ లింగమో విశేషణమూ అదే లింగం. అచ్చ తెలుగు విశేషణానికి ఈ బాధ లేదు. గుర్రమైనా, చీరైనా, దొరైనా ‘తెల్ల’ తెల్లగానే ఉంటుంది.

మూడు వేషాల ‘ఇండియా’

‘భారతదేశానిది’ అన్న మాట కూడా ఇలాగే తోకలు మారుస్తుంది. మామిడి మాంజిఫెరా ఇండికా. నువ్వులు సెసామం ఇండికం. వేసవిలో నన్నారి షర్బత్‌కి వేరు ఇచ్చే సుగంధిపాల తీగ హెమిడెస్మస్ ఇండికస్.

పెంటితాడు కూడా మగవాడే

లాటిన్‌లో ‘ఫర్’ అని ముగిస్తే ‘మోసేది’, ‘ఇచ్చేది’ అని అర్థం. ఇది పుంలింగం. స్త్రీలింగమైతే ‘ఫెరా’, నపుంసకమైతే ‘ఫెరం’. మన తాటిచెట్టు బొరాసస్ ఫ్లాబెల్లిఫర్, విసనకర్రలు మోసేవాడు. ఆకు చూస్తే పేరు ఎంత అతికిందో తెలుస్తుంది. కొబ్బరి కోకోస్ న్యూసిఫెరా, కాయలు మోసేది. గసగసాల మొక్క పపావర్ సోమ్నిఫెరం, నిద్ర తెచ్చేది. నల్లమందు దాని కాయల నుంచే వస్తుంది మరి.

ఇందులో తాటి సంగతి చూడండి. తాటిలో మగచెట్లు వేరు, ఆడచెట్లు వేరు. కల్లుగీత తెలిసినవారు పోతుతాడు అనీ పెంటితాడు అనీ విడదీసి చెబుతారు. ముంజలు కాసేది పెంటితాడే, పోతుతాటికి కాయలుండవు. వృక్షశాస్త్రం దృష్టిలో మాత్రం రెండూ ఫ్లాబెల్లిఫరే, రెండూ పుంలింగమే. కొబ్బరిలో ఒకే గెలలో మగపూలూ ఆడపూలూ రెండూ ఉంటాయి, దానికేమో స్త్రీలింగం. మొక్క ఒంటికీ పేరు లింగానికీ ఏ సంబంధమూ లేదని చెప్పడానికి ఈ రెండు చెట్లు చాలు.

రాముడికీ సీతకీ ఒకటే తోక

సీతాఫలం అనోనా స్క్వామోసా. రామాఫలం అనోనా రెటిక్యులేటా. లక్ష్మణఫలం అనోనా మ్యూరికేటా. అనోనా స్త్రీలింగం కాబట్టి అన్నదమ్ములిద్దరూ సీతమ్మ పక్కనే నిలబడ్డారు.

తులసమ్మ, చందనం

కోటలో పెట్టి పసుపు కుంకుమలతో పూజించే తులసమ్మ లాటిన్‌లో ఆసిమం టెన్యుఫ్లోరం. పాత పుస్తకాల్లో ఆసిమం సాంక్టం, అంటే ‘పవిత్రమైనది’. రెండు పేర్లూ ‘అం’తోనే ముగుస్తాయి, ఎందుకంటే ఆసిమం నపుంసకం. తులసీ కల్యాణం చేసేవారు ఈ సంగతి పట్టించుకోనక్కర్లేదు.

తెల్ల చందనం శాంటాలం ఆల్బం, నపుంసకం. శేషాచలం కొండల ఎర్రచందనం టెరోకార్పస్ శాంటాలినస్, పుంలింగం. ‘చందనం లాంటిది’ అని అర్థం. రెండింటికీ చుట్టరికమేమీ లేదు, కుటుంబాలే వేరు. ఎర్రచందనం చిక్కుడు, కానుగల కుటుంబంలోది.

‘అస్’ ఉంటే మగ అనుకోకండి

ఇప్పుడు చెప్పేది పరీక్షల్లో పిల్లల్ని, ఒక్కోసారి పెద్దల్నీ పడగొట్టే సంగతి. రావి ఫైకస్ రెలిజియోసా. మేడి ఫైకస్ రెసిమోసా. ఫైకస్ ‘అస్’తో ముగుస్తోంది కదా, రెలిజియోసస్ అనాలి కదా? అక్కర్లేదు. రోమన్లకి చెట్ల పేర్లు చాలామటుకు స్త్రీలింగం, మాట చివర ఏముందన్నది వేరే సంగతి. అంజూరం, ఆపిల్, ఓక్, బీచ్ అన్నీ అంతే. ఆపిల్ చెట్టు మాలస్ డొమెస్టికా అయింది అందుకే.

ఎందుకిలా అంటే, చెట్టులో వనదేవత కాపురముంటుందన్న నమ్మకం వల్ల అని చెబుతుంటారు. వినడానికి బాగుంది గానీ నాకు అంతగా నమ్మబుద్ధి కాదు. అదే లాటిన్‌లో మేపుల్ చెట్టు ఏసర్ నపుంసకలింగం. అమెరికాలో శరత్కాలం రాగానే ఎర్రబడే ఎర్ర మేపుల్ ఏసర్ రూబ్రం. ఆ చెట్టులో దేవత ఎటు పోయినట్టు?

దీనికంటే ఆసక్తికరమైనది మరోటి ఉంది. లాటిన్‌లో ఆపిల్ చెట్టు స్త్రీలింగం, దాని పండు పేరు నపుంసకలింగం. సంస్కృతంలో ఆమ్రః అంటే మామిడి చెట్టు, పుంలింగం. ఆమ్రం అంటే మామిడి పండు, నపుంసకం. చెట్టు విషయంలో రెండు భాషలూ చెరో దారి పట్టినా పండు దగ్గరికొచ్చేసరికి ఒకే మాట మీదున్నాయి. తెలుగులోనైతే ఏకవచనంలో స్త్రీకీ చెట్టుకీ క్రియ ఒకటే: సీత వచ్చింది, చెట్టు పెరిగింది.

చింత, కుంకుడు

చింత టామరిండస్ ఇండికా. కుంకుడు సాపిండస్ ట్రైఫోలియేటస్. రెండూ చెట్లే, రెండు ప్రజాతుల పేర్లలోనూ ఇండియా దాగి ఉంది. చింత పేరు ‘హిందూదేశపు ఖర్జూరం’ అనే అరబ్బీ మాట నుంచి, కుంకుడు పేరు ‘ఇండియా సబ్బు’ అనే లాటిన్ మాటల నుంచి వచ్చాయి. అయినా చింత స్త్రీలింగం, కుంకుడు పుంలింగం. తర్కం వెతక్కండి. పాత సంప్రదాయం ఏది నిలబెడితే అదే చెల్లుతుంది, మొక్కల అంతర్జాతీయ నామకరణ నియమావళిలో ఆ మాట రాసే ఉంది. కోస్తాలో జామాయిల్ అని పిలిచే యూకలిప్టస్‌ది కూడా స్త్రీలింగమే, అందుకే యూకలిప్టస్ ఆల్బా, యూకలిప్టస్ రోబస్టా. రేగు కుటుంబానికి పేరిచ్చిన రామ్నస్‌ను మొక్కలకి ఈ రెండు మాటల పేర్ల పద్ధతిని స్థిరపరిచిన లిన్నేయస్ స్వయానా పుంలింగంగా వాడాడు. ఆయన మాటని కూడా పక్కనబెట్టి నియమావళి దాన్ని స్త్రీలింగం చేసింది.

మూడు ఉసిరికలు

పెద్ద ఉసిరి ఫిల్లాంథస్ ఎంబ్లికా. రాచ ఉసిరి ఫిల్లాంథస్ ఆసిడస్. నేల ఉసిరి ఫిల్లాంథస్ అమారస్. ఫిల్లాంథస్ పుంలింగమే. పుల్లనిది ఆసిడస్, చేదైనది అమారస్, ఇంతవరకూ సరిపోయింది. మరి ఎంబ్లికా ఏమిటి? అది విశేషణం కాదు, ఆ కాయకి ముందునుంచీ ఉన్న పేరు. నామవాచకానికి తన లింగం తనకే ఉంటుంది, పక్కవాడి కోసం తోక మార్చదు. లిన్నేయస్ ఇలాంటి పాత పేర్లను గుర్తుపట్టేలా పెద్ద అక్షరంతో మొదలుపెట్టేవాడు. ఇప్పుడు అన్నింటికీ చిన్న అక్షరమే కాబట్టి ఏది విశేషణమో ఏది కాదో పోల్చుకోవడం కష్టమైంది. టమాటా సొలానం లైకోపెర్సికంలోనూ, వంకాయ సొలానం మెలాంజినాలోనూ రెండో మాటలు పాత పేర్లే. సొలానం నపుంసకమే, అయినా వంకాయ ‘ఆ’ని వదల్లేదు.

చెరకు శాకరం అఫిసినారం. ఇక్కడ ‘అఫిసినారం’ షష్ఠీ విభక్తి బహువచనం, ‘మందుల కొట్లది’ అని అర్థం. చివర ‘అం’ శాకరంతో ప్రాస కలిసినట్టు వినిపిస్తుంది, అది ఉత్త కాకతాళీయం. అల్లం జింజిబర్ అఫిసినేల్‌లో ఉన్నది మాత్రం నిజంగా విశేషణమే. ఆ తరహా మాటల్లో పుంలింగానికీ స్త్రీలింగానికీ ‘ఇస్’ ఒకటే, నపుంసకానికి మాత్రం రూపం వేరు.

కాపురం మారితే లింగం మారుతుంది

శాస్త్రజ్ఞులు ఒక జాతిని ఒక ప్రజాతి నుంచి ఇంకోదానికి మార్చినప్పుడు అసలు తమాషా మొదలవుతుంది. లిన్నేయస్ 1753లో రాచ ఉసిరిని కామరాక్కాయల ప్రజాతిలో చేర్చి అవెర్రోవా ఆసిడా అన్నాడు. 1909లో స్కీల్స్ అనే శాస్త్రజ్ఞుడు దాన్ని ఫిల్లాంథస్‌లోకి తెచ్చాడు, ఆసిడా కాస్తా ఆసిడస్ అయింది. కానుగది దీనికి సరిగ్గా తలకిందులు. లిన్నేయస్ పెట్టింది సైటిసస్ పిన్నేటస్, పుంలింగం. పొంగామియాలోకి వెళ్ళాక పొంగామియా పిన్నేటా, స్త్రీలింగం. చెట్టుకి ఏమీ కాలేదు. దాని నూనె దీపాలు యథాప్రకారం వెలిగాయి.

వేప కథ ఇంకా ముందుకెళ్ళింది. లిన్నేయస్ దగ్గర అది మీలియా అజాడిరాక్టా, అంటే తురకవేప ప్రజాతిలో ఒక జాతి. అజాడిరాక్టా అన్నది పారశీక మాట. 1830లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆడ్రియన్ డి జుస్యూ ఆ రెండో మాటనే ముందుకు తెచ్చి ప్రజాతి పేరు చేశాడు. వెనకాల కొత్తగా ఇండికా చేరింది.

అదే 1830లో ఆయన పెట్టిన మరో ప్రజాతి పేరు సోయ్మిడా. అది మన తెలుగు ‘సోమిద’. ఆ చెట్టు బెరడు జ్వరానికి మందుగా వాడేవారు. కలకత్తా వెళ్ళకముందు సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ తోట పెంచిన విలియం రాక్స్‌బర్గ్ దాన్ని మహాగని ప్రజాతిలో పెట్టి స్విటీనియా ఫెబ్రిఫ్యూగా అన్నాడు. ఫెబ్రిఫ్యూగా అంటే జ్వరాన్ని తరిమేది. ఇప్పుడది సోయ్మిడా ఫెబ్రిఫ్యూగా. లాటిన్, గ్రీకు కాని భాషల మాటలు ప్రజాతి పేర్లయితే వాటికి ఏ లింగమివ్వాలన్నది పేరు పెట్టినవారి ఇష్టం. అలా ఒక తెలుగు మాట లాటిన్‌లో స్త్రీలింగమై కూర్చుంది.

మగవాళ్ళ పేర్లన్నీ ఆడపేర్లు

మనుషుల గౌరవార్థం ప్రజాతికి పేరు పెడితే, ఆ మనిషి ఆడైనా మగైనా పేరుకి స్త్రీలింగ రూపమే ఇవ్వాలని నియమావళి సలహా. పియేర్ మాన్యోల్ మాగ్నోలియా అయ్యాడు, ఆండర్స్ డాల్ డాలియా అయ్యాడు. అరకులో కాఫీ తోటలకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ గ్రెవిలియా రోబస్టా. గ్రెవిల్ అనే ఇంగ్లీషు పెద్దమనిషి అందులో ఉన్నాడు. దేవకాంచనం బౌహీనియా పర్పూరియా, అందులో బౌహీన్ సోదరులు ఇద్దరున్నారు. ఆకు రెండు రెక్కలుగా చీలి ఉంటుంది కాబట్టి అన్నదమ్ములకి తగిన మొక్కే దొరికింది. లిన్నేయస్‌కీ మినహాయింపు లేదు. ఆయన పేరున్న చలిదేశపు చిన్న పూలమొక్క లిన్నేయా బొరియాలిస్.

రెండో మాటలో మనిషి పేరుంటే మాత్రం ఆడామగా తేడా పాటిస్తారు. సర్ జోసెఫ్ బ్యాంక్స్ పేరున గ్రెవిలియా బ్యాంక్సీ, ఆయన భార్య పేరున రోజా బ్యాంక్సియే. శేషాచలంలో పెరిగే అరుదైన సైకస్ బెడ్డోమీలో ఉన్నది మద్రాసు అడవుల శాఖలో పనిచేసిన కర్నల్ బెడ్డోమ్. సైకస్ స్త్రీలింగమే, కానీ ‘బెడ్డోమ్‌ది’ అని షష్ఠిలో చెప్పారు కాబట్టి ఆయన మగవాడిగానే మిగిలాడు.

గ్రీకు కథల్లో అందగాడు అడోనిస్‌కి ఆ అదృష్టం లేదు. ఆ పేరున్న పూలమొక్కలు నియమావళి ప్రకారం స్త్రీలింగం, అందుకే అడోనిస్ యాన్యువా.

తోక తప్పితే?

మొక్కల పేర్ల లెక్క 1753 మే 1 నుంచి మొదలవుతుంది, లిన్నేయస్ పుస్తకం ‘స్పీసీస్ ప్లాంటారం’కి నియమావళి ఇచ్చిన తేదీ అది. సాధారణంగా ఆరేళ్ళకోసారి జరిగే అంతర్జాతీయ వృక్షశాస్త్ర మహాసభలో నియమావళిని సవరిస్తారు. కిందటిది 2024లో మాడ్రిడ్‌లో జరిగింది. కొత్త మొక్క వర్ణన లాటిన్‌లోనే రాయాలన్న నిబంధన 2012 జనవరి 1తో పోయింది, ఇప్పుడు ఇంగ్లీషులోనూ రాయొచ్చు. పేరు మాత్రం ఇంకా లాటిన్ వ్యాకరణం చేతిలోనే ఉంది.

లింగం కుదరని తోకతో ఎవరైనా పేరు పెడితే ఆ పేరు చెల్లకుండా పోదు. తర్వాతివాళ్ళు తోక సరిచేసుకుంటారు. పేరు పెట్టినవారి ఘనతా, తేదీ అలాగే ఉంటాయి. పార్కులో చందనం మొక్క దగ్గర ‘శాంటాలం ఆల్బా’ అని బోర్డు కనిపిస్తే దాన్ని ‘ఆల్బం’ చేయడానికి ఏ మహాసభ తీర్మానమూ అక్కర్లేదు, పెయింటర్‌ని పిలిస్తే సరిపోతుంది.