పాత టిక్కెట్టూ చరిత్రే

హైదరాబాద్ బస్ భవన్‌లో ఓ అల్బియాన్ బస్సు ఉంది. 1932లో నిజాం స్టేట్ రైల్వే 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. ఆనాటి బండి ఇది, స్కాట్లాండ్ తయారీ.

బస్సైతే మిగిలింది. మరి కాగితాలో? కండక్టరు పంచ్ కొట్టిన రంగురంగుల టిక్కెట్లు, వేబిల్లులు, ఆర్‌సీ పుస్తకాలు పాత పేపర్లతో పాటు తూకానికి పోతుంటాయి.

బ్రిటన్‌లో 1930లో పుట్టిన వెటరన్ కార్ క్లబ్ పాత కార్ల కాగితాలతో లైబ్రరీయే నడుపుతోంది. ఏ కారు ఏ ఏడాదిదో తేల్చేందుకు ఇలాంటి కాగితాలే ఆధారం.

నంద్యాల దగ్గరి బండి ఆత్మకూరులాంటి ఊళ్లో ఈ కాగితాలు దాచడానికి అంత హంగు అక్కర్లేదు. ఒక బీరువా, నలుగురు ఔత్సాహికులు చాలు. నంద్యాల రూటులో బస్సు నడిపి రిటైరైన పెద్దల మాటలు ఇప్పుడే రికార్డు చేసుకోవాలి. మీ ట్రంకుపెట్టె అడుగున పాత పర్మిట్టు కనిపిస్తే పారేయకండి. వెనకవైపు పెన్సిలుతో ఊరు, ఏడాది రాసి దాచండి.