ముక్క ఏరేస్తే సరిపోలేదు

తెనాలి నుంచి గుంటూరులో నేను పాఠాలు చెప్పే స్కూలుకి రోజూ బస్సే. ఎక్కిన పావుగంటకే పొత్తికడుపు మెలిపెట్టేది, వెంటనే బాత్రూమ్‌కి పరుగెత్తాలనిపించేది. చివరికి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా బస్సెక్కేదాన్ని. వైద్య పరీక్షలన్నీ మామూలుగానే వచ్చాయి. ఇంట్లోవాళ్లు "ఊరికే గాభరా పడతావు" అన్నారు. డాక్టరుగారు మాత్రం "ఇది ఐబీఎస్ అమ్మా. పేగులో పుండు లేదు. పేగుకీ మెదడుకీ మధ్య పొత్తు కుదరడం లేదు. నొప్పి మాత్రం నిజమే" అన్నారు. ఆ ఒక్క మాటకి నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయం వాళ్లు తయారుచేసిన ఫాడ్‌మ్యాప్ పద్ధతి పాటించమన్నారు. ఫాడ్‌మ్యాప్‌లనే కొన్ని రకాల పిండిపదార్థాలు, చక్కెరలు చిన్నపేగులో సరిగా ఇంకవు. అవి నీటిని లాగుతాయి, పెద్దపేగులోకి చేరాక పులిసి గ్యాసవుతాయి. అందరికీ అయ్యేదే, మాలాంటివాళ్ల పేగు తట్టుకోలేదు. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పప్పులు, పాలు, మామిడిపండు, ఇవన్నీ అవి ఎక్కువగా ఉన్నవే. అన్నం హాయిగా తినొచ్చు.

ఉల్లి లేని పులుసా! ముక్కలు ఏరేసి, పులుసు మాత్రం పోసుకున్నాను. మధ్యాహ్నానికి మళ్లీ అదే నొప్పి. ఉల్లిలో ఉండే, ఫ్రక్టాన్లనే ఆ రకం పిండిపదార్థాలు నీళ్లలో కరిగి పులుసులోకి దిగిపోతాయని తర్వాత తెలిసింది. కానీ అవి నూనెలో కరగవు. అందుకే ఇప్పుడు నూనెలో నాలుగు వెల్లుల్లి రెబ్బలు ఎర్రగా వేయించి తీసేస్తాను. ఆ నూనెలోనే ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు వేసి చారుకి పోపు పెడతాను. వాసనకి లోటు లేదు. ఆ నూనె ఏ పూటకాపూట చేసుకోవాల్సిందే, నిల్వ పనికిరాదు.

ఈ ఫాడ్‌మ్యాప్ పద్ధతి జన్మంతా చేసే పథ్యం కాదు, అదే చాలామందికి తెలియదు. నాలుగైదు వారాలు మానేసి, తర్వాత ఒక్కొక్కటే కొద్దికొద్దిగా తిని చూసి, నోటుబుక్కులో రాసుకోవాలి. నాకు పెరుగు పడింది. కందిపప్పు రెండు గరిటెలు పడింది. చపాతీ పడలేదు. మీకు ఇంకోలా ఉండొచ్చు.

తిండితో పాటు పద్ధతీ మార్చాను. అరగంట ముందే లేచి, నిదానంగా తిని, పని తీర్చుకున్నాకే బస్టాండుకి నడుస్తున్నాను. పొద్దున కాఫీ మానేశాను. పరీక్ష పేపర్లు దిద్దే రోజుల్లో నొప్పి ఇప్పటికీ వస్తుంది, కానీ అప్పటిలా కాదు.

మలంలో రక్తం పడినా, ఒళ్లు తగ్గిపోతున్నా, రక్తహీనత ఉన్నా, నిద్రలోంచి లేపేలా విరేచనాలవుతున్నా, యాభై దాటాక ఈ బాధ కొత్తగా మొదలైనా, దయచేసి ఐబీఎస్ అని మీకు మీరే అనుకోకండి. ముందు డాక్టరుకి చూపించుకోండి.