బాడుగ గదులు - రాబడి, నష్టభయము



ఉదయగిరి ప్రాంతపు సభ్యు లొకరు ఇటీవల మమ్ము కలిసికొని యిట్లనిరి: "అయ్యా, వానను నమ్మి చెడితిని. చెఱువు క్రింది కయ్యను తనఖా పెట్టి, అప్పు తెచ్చి, బజారులో అంగడి గది కట్టి బాడుగ కిచ్చెదను. బాడుగకు వానతో పనిలేదు గదా!" ఇట్టి తలంపు పలువురకు గలదు గావున మా సమాధానము నిచ్చట వ్రాయుచున్నాము.

పైరు దిగుబడి నంచనా వేయునపుడు మనము చేనిలో బాగుగ పండిన మూలనే చూచి లెక్క కట్టము; మంచిచోటును, చెడ్డచోటును చూతుము. బాడుగను గూడ నట్లే లెక్కింపవలయును. స్థలముతో గూడ గదికి 10,00,000 రూపాయలైన దనుకొందము. నెలకు 5,000 వంతున ఏటికి 60,000 వచ్చును. అనగా నూటికి 6. రెండు నెలలు ఖాళీగా నుండెనేని 50,000. పన్నునకును, మరమ్మతులకును 10,000 పోగా 40,000 మిగులును. అనగా నూటికి 4. ఆఱు నెలలు ఖాళీయైన చెడ్డ యేట 20,000 మాత్రమే. పెట్టుబడి యంతయు నూటికి 12 వడ్డీకి తెచ్చినదైనచో వడ్డీయే 1,20,000. మంచి యేటనే 80,000 చేతి సొమ్ము పడును. స్థలము వెల పెరుగునందురు. పెరుగవచ్చును, కాని యమ్మిననే గాని యా లాభము చేతికి రాదు. వడ్డీ మాత్రము గడువు తప్పక వచ్చును.

ఇక వానతో పనిలేదనుట. అంగడిలో చేరువాడెవడు? ఎరువులు, బట్టలు, కాఫీ అమ్మువాడు. వాని బేరము రైతుతోనే. వాన తప్పిన యేట రైతు కొనడు. అంగడివాడు బాడుగ నిలుపును. కయ్యను ఎండగట్టిన మబ్బే గదిని గూడ ఎండగట్టును. రెండు నష్టములును ఒకే యేట వచ్చుట యిందలి ముఖ్యమైన యపాయము. 2020 మార్చిలో అంగళ్లు మూతపడినపుడు వానతో సంబంధము లేని కష్టము గూడ రాగలదని తెలిసినది.

కావున బాడుగ ఎంత యను ప్రశ్నకు ముందు, బాడుగ యిచ్చువాని కూడు ఎక్కడనుండి వచ్చునని యడుగుడు. ఉదయగిరి మెట్ట ప్రాంతము. అచ్చట కొయ్య చెంచాల పనివారి సరకు పొరుగూళ్లకు పోవును గనుక వారి రాబడి స్థానికపు వానపై అంతగా నాధారపడదు. ఆత్మకూరు రెవెన్యూ డివిజను కేంద్రము, నెలజీతపు ఉద్యోగులుందురు. సమీపమున పెన్నపై సుమారు 78 టి.ఎం.సి.లు పట్టు సోమశిల జలాశయము గలదు. అయినను ఉద్యోగికి బదిలీ గలదు. ఏటి యొడ్డు పల్లపు స్థలమునకు 2021 నవంబరు నాటి వరద వంటి భయము గలదు.

సభ్యులు పాటింపదగిన వివి:

1. ఆ వీధిలో ఖాళీ గదులెన్నియో, ఎన్ని నెలలుగా ఖాళీయో స్వయముగా విచారింపుడు.
2. ఏటికి పది నెలల బాడుగనే రాబడిగా వ్రాసికొనుడు.
3. అడ్వాన్సు తీసికొని కరారు వ్రాయించుడు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము ననుసరించి ఏడాదికి మించిన కౌలునకు రిజిస్టరు పత్రము కావలయును.
4. మిగులు సొమ్ముతో కట్టుడు. తిండి పెట్టు కయ్యను తనఖా పెట్టి కట్టవలదు.

గది ఖాళీయైన మరల నిండవచ్చును. వేలమునకు పోయిన కయ్య తిరిగి రాదు. ఇట్టి తలంపు గలవారు తమ లెక్కను కాగితముపై వ్రాసికొని సంఘ కార్యాలయమునకు రండు. అప్పు పత్రముపై వ్రాలు చేయుటకు ముందే కూర్చుండి చూతము.