వైకల్యం – న్యాయస్థానం: ప్రతి కుటుంబం తెలుసుకోవలసిన సంగతులు



"సదరంలో ఎంత శాతం వేశారు?" చెయ్యి పోయినా, కాలు పోయినా, చూపు పోయినా మన ఊళ్లలో ముందుగా వినబడే ప్రశ్న ఇదే. పింఛనుకు ఆ శాతం కావాలి, బస్సు పాసుకూ కావాలి. కాబట్టి అడగడంలో తప్పు లేదు. అయితే అదే మనిషి కోర్టు మెట్లు ఎక్కవలసి వస్తే అక్కడి ప్రశ్నలు వేరుగా ఉంటాయి. ఈ మనిషి మాట నమ్మవచ్చునా? ఇతను నిజంగా ఏమి పోగొట్టుకున్నాడు? ఇకమీదట ఇతనికి ఎంత సేవ కావాలి? ఈ ప్రశ్నలకు మన న్యాయస్థానాలు చెప్పిన జవాబులు చాలామంది రోగులకు, వారి ఇంటివారికి తెలియవు. తెలియక నష్టపోతున్నారు.

అచ్యుతాపురం చుట్టుపక్కల ఉన్న మనకు ఈ విషయం దూరమైనది కాదు. 2024 ఆగస్టు 21న ఇక్కడి సెజ్‌లో ఒక మందుల కంపెనీలో జరిగిన ప్రమాదంలో 17 మంది చనిపోయారు. ఇంకా ఎందరో గాయపడ్డారు. ఫ్యాక్టరీలు, లారీలు, హైవే ఉన్నచోట ప్రమాదం ఏ ఇంటి తలుపైనా తట్టవచ్చు.

చూపు లేని అమ్మాయి చెప్పిన సాక్ష్యం

2011లో మన రాష్ట్రంలోనే, కర్నూలు జిల్లాలో ఒక దళిత కుటుంబానికి చెందిన అమ్మాయిపై అత్యాచారం జరిగింది. ఆమె పుట్టుకతోనే చూపు లేనిది. నిందితుడు ఆమె అన్నదమ్ములకు తెలిసినవాడు, ఆ ఇంటికి వస్తూ పోతూ ఉండేవాడు. ఆమె అతన్ని గొంతును బట్టి పోల్చుకుంది. చూపు లేని మనిషి ఎలా గుర్తుపట్టగలదన్నది నిందితుని తరఫువారి వాదన.

కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2021 ఏప్రిల్ 27న జస్టిస్ డి.వై.చంద్రచూడ్, జస్టిస్ ఎం.ఆర్.షా తీర్పు చెప్పారు. చూపు లేనివారు లోకాన్ని వేరే విధంగా తెలుసుకుంటారు, అంతమాత్రాన వారి సాక్ష్యం తక్కువది కాదని ఆ తీర్పు సారాంశం. యావజ్జీవ శిక్ష ఖాయమైంది. కులం కారణంగానే నేరం జరిగిందనడానికి సాక్ష్యం చాలదని అట్రాసిటీ చట్టం కింద పడిన శిక్షను మాత్రం తీసివేశారు. అయినా చూపు లేకపోవడం, ఆడపిల్ల కావడం, దళిత కుటుంబంలో పుట్టడం – ఈ మూడూ ఒకే మనిషిపై కలిసి పడినప్పుడు బరువు ఎంత పెరుగుతుందో కోర్టు వివరంగా రాసింది. వైకల్యం ఉన్నవారితో ఎలా వ్యవహరించాలో పోలీసులకు, న్యాయాధికారులకు శిక్షణ ఇవ్వాలని కూడా చెప్పింది.

నర్సులకు ఇందులో ఆశ్చర్యం లేదు. చూపు లేని రోగులు మేము పలకరించకముందే, అడుగుల చప్పుడును బట్టి డ్యూటీ మారిందని తెలుసుకుంటారు. ఇంజక్షన్ ఇచ్చే సిస్టరు ఎవరో, మందులిచ్చే సిస్టరు ఎవరో పేరుతో చెబుతారు.

ఇటువంటి ఘోరం జరిగినప్పుడు చట్టం కొన్ని సౌకర్యాలు ఇచ్చింది. వైకల్యం ఉన్న బాధితురాలు పోలీస్ స్టేషన్‌కు వెళ్లనవసరం లేదు. ఆమె ఇంట్లోనో, ఆమెకు వీలైన చోటనో మహిళా అధికారి ఫిర్యాదు రాసుకోవాలి. మాట రాని, వినబడని వారికి సైగల భాష తెలిసినవారిని తోడు ఉంచాలి. దాన్ని వీడియో తీయాలి. ఏ ఆసుపత్రి అయినా, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, వెంటనే ఉచితంగా వైద్యం చేసి పోలీసులకు తెలియజేయాలి. "ముందు కేసు పెట్టి రండి" అని తిప్పి పంపకూడదు. తల్లులకు ఒక్క మాట: పరీక్ష అయ్యేదాకా స్నానం చేయించకండి, ఆ బట్టలు ఉతకకండి. వాటిని కాగితపు సంచిలో పెట్టి తీసుకురండి.

శాతం వేరు, నష్టం వేరు

సాలూరు దాటి ఘాటీ ఎక్కితే ఒడిశాలో జయపురం వస్తుంది. 1968లో అక్కడ ఒక సినిమా హాలులో పని చేస్తూ ఒక వడ్రంగి కింద పడ్డాడు. ఎడమ చెయ్యి మోచేతి పైన తీసివేయవలసి వచ్చింది. చట్టంలోని పట్టిక ప్రకారం ఇది పాక్షిక నష్టమే అని యజమాని వాదించాడు. 1975 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. వడ్రంగం ఒంటిచేత్తో చేసే పని కాదు, కాబట్టి ఇతనికి నష్టం నూటికి నూరు అని తేల్చింది.

రోడ్డు ప్రమాదాల విషయంలో 2010లో సుప్రీంకోర్టు ఈ మాటనే ఇంకా విడమరిచి చెప్పింది. ఎడమ చెయ్యి పోతే డ్రైవరుకు దాదాపు మొత్తం బతుకుతెరువు పోయినట్టే. అదే చెయ్యి పోయిన ప్రభుత్వ గుమాస్తాకు ఉద్యోగం నిలబడవచ్చు. శరీరానికి కలిగిన వైకల్యం ఎంతో డాక్టరు చెప్పాలి. దానివల్ల సంపాదన ఎంత తగ్గిందో ట్రిబ్యునల్ తేల్చాలి. కాలికి 40 శాతం అంటే మొత్తం శరీరానికి 40 శాతం అని కాదు. వైద్యం చేయని డాక్టరు రాసిచ్చిన సర్టిఫికెట్టును కళ్లు మూసుకుని ఒప్పుకోవద్దని కూడా ఆ తీర్పు హెచ్చరించింది. "ఇంత ఇస్తే శాతం పెంచి రాయిస్తాను" అనే బ్రోకర్ల మాట నమ్మితే న్యాయమైన కేసు కూడా పాడవుతుంది.

సేవకూ లెక్క ఉంది

1990లో హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో ఇరవై ఏళ్ల ఇంజనీరింగ్ విద్యార్థికి ఛాతీలోని గడ్డకు ఆపరేషన్ జరిగింది. పరీక్ష కోసం ముక్క తీయడానికే అంగీకారం తీసుకుని గడ్డ మొత్తం తీశారని, నరాల సర్జన్‌ను తోడు ఉంచుకోలేదని కోర్టులో తేలింది. ఆ యువకుని కాళ్లు చచ్చుబడిపోయాయి. చక్రాల కుర్చీలో కూర్చుని సుప్రీంకోర్టులో తన కేసు తానే వాదించుకున్నాడు. 2009 మే 14న కోటి రూపాయలు, దానిపై వడ్డీ ఇవ్వాలని తీర్పు వచ్చింది.

ఆ తీర్పులో నర్సుగా నన్ను ఆకట్టుకున్నది కోటి అనే అంకె కాదు. నర్సు సేవకు ఎంత, ఫిజియోథెరపీకి ఎంత, బయటికి తీసుకువెళ్లే డ్రైవరుకు ఎంత అని ముప్ఫై ఏళ్లకు విడివిడిగా లెక్క కట్టారు. మంచాన ఉన్నవారిని ఒత్తిడి పుండ్లు పడకుండా పక్కకు తిప్పడం, మూత్రం గొట్టం శుభ్రం చూడడం, ఒళ్లు తుడవడం ఎంత పనో ఇంట్లో చేసే తల్లికి, భార్యకు తెలుసు. మీరు కోర్టులో పరిహారం అడిగేటప్పుడు ఈ సేవను కూడా అడగాలి. మరొక సంగతి. అంగీకార పత్రం మీద సంతకం చేసేముందు ఏ ఆపరేషన్‌కో తెలుగులో చెప్పించుకోండి. అడిగితే సిస్టర్లు కోప్పడరు.

మీరు గుర్తుంచుకోవలసినవి

1. ప్రమాదం ఎక్కడ, ఎన్ని గంటలకు, ఎలా జరిగిందో మొదటి రోజే ఆసుపత్రిలో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. పని స్థలంలో జరిగినదాన్ని "ఇంట్లో జారిపడ్డాడు" అని చెప్పమని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి. కేసు షీటులో ఆ రోజు రాసిన మాటనే రేపు కోర్టు చూస్తుంది.

2. డిశ్చార్జి సమ్మరీ, ఎక్స్‌రేలు, మందుల బిల్లులు, ఫిజియోథెరపీ చీటీలు తేదీల వరుసలో ఒక సంచిలో దాచండి.

3. కేసు వేయడానికి డబ్బు లేదని ఆగిపోకండి. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం వికలాంగులకు, స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు, ఫ్యాక్టరీ కార్మికులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. 15100 నంబరుకు ఫోను చేయవచ్చు.

4. వికలాంగులు ఏ వివక్షా లేకుండా కోర్టును ఆశ్రయించగలగాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం చెబుతోంది. మెట్లు ఎక్కలేకపోయినా, సైగల భాష కావలసినా వకీలు ద్వారా ముందుగానే కోర్టుకు తెలియజేయండి.

2025 మార్చి 3న సుప్రీంకోర్టు మరొక అడుగు వేసింది. చూపు లేదన్న కారణంతో ఎవరినీ జడ్జి ఉద్యోగానికి అనర్హులుగా చేయరాదని తీర్పు చెప్పింది. సాక్షి బోనులోనే కాదు, న్యాయమూర్తి కుర్చీలో కూడా వారు కూర్చోవచ్చు.

మరి మన ఇళ్లలో సంగతి ఏమిటి? ఓ.పి.లో వైకల్యం ఉన్న బిడ్డను "ఎక్కడ నొప్పి, తల్లీ?" అని అడిగితే పక్కనున్న పెద్దవారు జవాబు చెబుతారు. ప్రేమతోనే చెబుతారు. కాని ఇంట్లో ఎన్నడూ తన మాట తాను చెప్పుకోని బిడ్డ, రేపు కష్టం వచ్చినప్పుడు పోలీసుల ముందు, జడ్జి ముందు ఎలా చెప్పగలదు? ఆలస్యమైనా, తడబడినా, సైగలతోనైనా వారినే చెప్పనివ్వండి. మీరు ఓపికగా వినండి.

– నర్సింగ్ సూపరింటెండెంట్